టిన్ను నీళ్లు తాగేవాళ్లకే మోకాళ్ల నొప్పులు ఎక్కువ వచ్చాయి, నా స్టడీకి ఏ పేరు పెట్టాలి?

పొదిలి_అమ్మాయి | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, కమ్యూనిటీ హెల్త్. డిసర్టేషన్ ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మాది పడమటి ప్రకాశం, బోర్లలో ఫ్లోరైడ్ పడే వైపు. ఇప్పుడు ఊరూరా ఆర్వో ప్లాంటు ఉంది, చాలామంది ఇరవై లీటర్ల టిన్ను తెచ్చుకుని తాగుతున్నారు. కొందరివి ఇంకా బోరు నీళ్లే. నేను పీహెచ్‌సీకి వచ్చిన నలభై దాటిన ఆడవాళ్లని వంద పైచిలుకు మందిని అడిగాను. ఏ నీళ్లు తాగుతారు, మోకాళ్లో నడుమో నొప్పి ఉందా. అంతే.

టిన్ను తాగేవాళ్లకి నొప్పులు తక్కువ ఉండాలి కదా? ఎక్కువ వచ్చాయి! పీ వాల్యూ (అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశం) కూడా 0.05 లోపే. ఎక్సెల్‌లో గడులు తారుమారయ్యాయేమో అని మూడుసార్లు చూశా, తప్పేం లేదు.

ఇది కాక పేరు గొడవ ఒకటి. సినాప్సిస్‌లో కేస్ కంట్రోల్ అని రాశాను. గైడ్ మేడం రెట్రోస్పెక్టివ్ కోహార్ట్ అని మార్చమంటున్నారు. సీనియర్ అక్కేమో సర్వే అని రాసి పడెయ్ అంది. ఎవరి మాట వినాలి?

డేటా_దొర | సోమవారం, రాత్రి 10:58

రిగ్రెషన్‌లో వయసు, బరువు వేసి చూడు సిస్టర్. పేరేదైతే ఏముంది, పీ వాల్యూ వచ్చిందిగా. పండగ చేసుకో.

ఎస్పీఎం_డాక్టర్ | సోమవారం, రాత్రి 11:25

దొరా, పండగ కాస్త ఆపు. చిన్న పీ వాల్యూ చూసి చంకలు గుద్దుకోవడం మా పీజీలకి కూడా ఉన్న జబ్బే.

పొదిలి అమ్మాయికి: మీ సీనియర్ విసుగ్గా అన్నా, ముగ్గురిలో సరైన మాటకి దగ్గరగా ఉన్నది ఆవిడే. మీది క్రాస్ సెక్షనల్ స్టడీ. పేరు పెట్టే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటుంది, ఏ కొస పట్టుకుని మొదలుపెట్టాను అని. నొప్పి ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ముందు విడదీసి, తర్వాత వెనక్కి వెళ్లి ఇదివరకు ఏ నీళ్లు తాగేవారని అడిగితే అది కేస్ కంట్రోల్. అలా కాకుండా నొప్పి లేనివాళ్లనే తీసుకుని, వాళ్లని టిన్ను, బోరు అని విడదీసి, ఏళ్ల తరబడి ఎవరికి నొప్పి మొదలవుతుందో చూస్తూ ఉంటే కోహార్ట్. ఆ పనే పాత రికార్డులతో చేస్తే మీ మేడం అన్న రెట్రోస్పెక్టివ్ కోహార్ట్. దానికి పదేళ్ల కిందట ఎవరు ఏ నీళ్లు తాగారో అప్పుడే రాసిపెట్టిన రిజిస్టరు ఉండాలి. ఉందా మీ దగ్గర?

మీరు రెండు ప్రశ్నలూ ఒకే పూట, ఒకే కాగితం మీద అడిగారు. ఫొటో తీసినట్టు. పెళ్లి ఫొటోలో ఇద్దరు పక్కపక్కన నిలబడి ఉంటారు, ఎవరు ముందొచ్చారో ఎవరు తర్వాత వచ్చారో ఫొటో చూసి చెప్పగలమా?

మీ రిజల్ట్ చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. నొప్పులు వచ్చాకే టిన్ను కొనడం మొదలుపెట్టారేమో అడిగారా?

పొదిలి_అమ్మాయి | సోమవారం, రాత్రి 11:31

అడగలేదు సార్ 🙈

కానీ శాంపిల్ మాత్రం పక్కా ర్యాండమ్ సార్. ఎవరినీ ఎంచుకోలేదు, ఓపీలో ఎవరు కనిపిస్తే వాళ్లని అడిగా.

పాత_మాస్టారు | మంగళవారం, ఉదయం 5:50

అమ్మాయ్, ఆ ఆఖరి వాక్యం చదివి కాఫీ పక్కన పెట్టేశాను. డిగ్రీ కాలేజీలో ముప్పై మూడేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను, ఏటా ఒక్కరైనా ఈ మాట అనేవాళ్లు. కనిపించినవాళ్లని అడగడం ర్యాండమ్ కాదు, వాటమైన పని. ర్యాండమ్ అంటే మండలంలో ఉన్న ప్రతి ఆడమనిషికీ నీ కాగితంలోకి వచ్చే అవకాశం ఎంతో లెక్క కట్టి చెప్పగలగాలి. పీహెచ్‌సీకి అసలు రానే రాని మనిషికి ఆ అవకాశం సున్నా.

పెద్ద శాంపిల్ తీసుకుంటే సరిపోతుందని కూడా అనుకోకు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి బ్యాలెట్ కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ అరవై శాతం పైన ఓట్లతో గెలిచాడు. పేర్లు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీశారు. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్న ఇల్లు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. దానికి తోడు, కార్డు తిరిగి పంపే ఓపిక ఎవరికి ఉంటుందన్నది ఇంకో తిరకాసు.

ఇంకొకటి, ఇది మా పిల్లలు పరీక్షల్లో తప్పకుండా కలిపేసేవారు. ఎవరిని అడగాలో లాటరీ తీయడం ఒకటి, ఎవరికి ఏది ఇవ్వాలో లాటరీ తీయడం ఒకటి. మొదటిది ఉంటే నీ జవాబు మండలం మొత్తానికి చెల్లుతుంది. రెండోది ఉంటే ఇదే దీనికి కారణం అని గట్టిగా అనొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, ఆరు లక్షల పైచిలుకు ఇళ్లు తిరిగింది. మొదటి లాటరీ చక్కగా తీశారు. రెండోది అసలు లేదు, అది దాని పనీ కాదు. నీ దగ్గర రెండూ లేవు.

ఎస్పీఎం_డాక్టర్ | మంగళవారం, ఉదయం 8:15

మాస్టారికి నమస్కారం. మీ కాఫీకి నాదీ పూచీ.

పీహెచ్‌సీ మాట మీద ఇంకొకటి. ఓపీకి ఎవరొస్తారు? నొప్పి ఉండి బిళ్లల కోసం వచ్చేవాళ్లు. బోరు నీళ్లే తాగుతూ, నొప్పులున్నా ఒక పూట కూలి పోతుందని రాని మనిషి మీ లెక్కలో లేదు. ఆస్పత్రి గుమ్మంలో నిలబడి లెక్కపెడితే ఊళ్లో లేని సంబంధాలు కూడా కనిపిస్తాయి. దీన్ని మేం బెర్క్‌సన్ బయాస్ అని చెప్తాం, పీజీ వైవాలో తప్పకుండా అడుగుతారు.

బాపట్ల_పొలం | మంగళవారం, ఉదయం 9:40

వరి పరిశోధన స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్లు మా దగ్గర నేర్చుకున్న విద్యే ఇదంతా, మరిచిపోకండి 😀 ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో స్టాటిస్టిక్స్ మనిషి ఫిషర్ 1919లో చేరాక పొలాల్లో మొదలుపెట్టిందే తర్వాత ఆస్పత్రులకి వెళ్లింది.

కొత్త రకం ఒకటి బీపీటీ 5204 కన్నా మెరుగని చెప్పాలనుకోండి. రెండు మళ్లలో రెండూ నాటి తూకం వేస్తే కుదరదు. కాలవ పక్క మడికి నీరు ముందు అందుతుంది, ఒండ్రు అక్కడే దిగుతుంది. చివరి మడి చవుడు. ఏ రకం కాలవ పక్కన పడితే అది గెలుస్తుంది. అందుకని పొలాన్ని సారం మారే దిక్కుకి అడ్డంగా బ్లాకులు చేస్తాం. ప్రతి బ్లాకులో అన్ని రకాలూ ఉండాలి, ఏ రకం ఏ మడిలోకి వెళ్లాలో చీటీ తేల్చాలి. ఇదే ఆర్‌బీడీ, అంటే ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్. కోతప్పుడు కూడా గట్టు పక్క వరసలు వదిలేసి లోపలి వాటినే తూస్తాం. అంచు మొక్కకి ఎండా గాలీ ఎక్కువ, కంకి బాగుంటుంది, అది రకం గొప్పతనం కాదు.

నేను కొత్తగా చేరినప్పటి సంగతి. చీటీ ప్రకారం మా కొత్త రకం రెండు బ్లాకుల్లో చవుడు వైపే పడింది. నాటుతున్న మేస్త్రీ అన్నాడు: "సార్, ఇది మంచి రకమని మీరే అంటున్నారుగా, కాలవ పక్కన వేద్దాం, పాపం." నిజంగా ప్రేమతోనే అన్నాడు. నాకూ నిజమేననిపించింది! మా సైంటిస్టు గారు వినబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సీజన్ అంతా బూడిదలో పోసినట్టే.

పాత_మాస్టారు | మంగళవారం, ఉదయం 10:20

బాపట్ల గారూ, మీ మేస్త్రీకి స్కాట్లాండ్‌లో చుట్టాలున్నారు.

1930లో లానార్క్‌షైర్‌లో బడిపిల్లలకి పాలు పోస్తే ఎదుగుదల ఎంత పెరుగుతుందో చూశారు. ఇరవై వేల మంది పిల్లలు, నాలుగు నెలలు. పది వేల మందికి పాలు, పది వేల మందికి లేవు. మొదట చీటీలేశారు, కొన్నిచోట్ల పేర్ల అక్షర క్రమం పట్టుకున్నారు. అక్కడితో ఆగలేదు. ఏ గుంపులోనైనా బక్కపిల్లలో బొద్దుపిల్లలో ఎక్కువైతే టీచర్లు సర్దొచ్చని వెసులుబాటు ఇచ్చారు. టీచరమ్మ ఏం చేస్తుంది? తిండి లేని పిల్లని పాల వైపుకి తెస్తుంది. నేనైనా అంతే చేస్తాను.

చివరికి తేలిందేమిటంటే, పాలు తాగని గుంపు మొదలు పెట్టేనాటికే పొడుగు, బరువు ఎక్కువ. 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసే గాసెట్, అదే మన టీ టెస్టు ఆయన, గిన్నెస్ బీరు కంపెనీలో ఉద్యోగం చేసేవాడు, మరుసటి ఏడాది దీన్ని చీల్చి చెండాడాడు. ఆయన పట్టుకున్న ఇంకో సంగతి నాకు భలే ఇష్టం. పిల్లల్ని బట్టలతోనే తూచారు. మొదటి తూకం చలికాలంలో, రెండోది వేసవిలో. ఉన్నవాళ్ల పిల్లలు ఉన్ని కోట్లు విప్పేసి వచ్చారు, లేనివాళ్లకి విప్పడానికి ఏముంది? ఆ తేడా అంతా పాల ఖాతాలో పడిపోయే ప్రమాదం ఉంది. ఇరవై వేల మంది బదులు యాభై జతల కవలల్ని తీసుకుంటే ఇంతకన్నా నమ్మకమైన జవాబు వచ్చేదన్నాడు.

ఊరికే_చూస్తున్నా | మంగళవారం, ఉదయం 11:02

ఫాలోయింగ్. మా ఎంబీఏలో దీన్ని రెండు స్లైడ్లలో ముగించేశారు.

డేటా_దొర | మంగళవారం, మధ్యాహ్నం 1:15

సరే, ఒప్పుకున్నా. మా కంపెనీలో యాప్ బటన్ రంగు మార్చాలన్నా ఏబీ టెస్ట్ పెట్టి, సర్వరే నాణెం ఎగరేసినట్టు యూజర్లని పంచుతుంది. మనిషి చెయ్యి పడదు కాబట్టి ఇన్ని తిప్పలుంటాయని ఎప్పుడూ ఆలోచించలేదు.

అయితే సిస్టర్ కూడా అదే చేయొచ్చుగా? సగం మందికి నెలనెలా ఫ్రీగా టిన్ను, మిగతా సగాన్ని బోరు నీళ్లే తాగమని చెప్పడం. రెండేళ్లు చూడటం. ఆర్‌సీటీ (లాటరీతో పంచి చేసే ట్రయల్) రెడీ.

భద్రాద్రి_ఏఎన్ఎం | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అన్నా, ఫ్లోరైడ్ నీళ్లు తాగమని మనమే చెప్పడమేంది? చెడుపు చేస్తదని తెలిసిన దాన్ని లాటరీ తీసి పంచరాదు. ఫలానాది మంచిదో కాదో నిజంగా తెల్వనప్పుడే ఆర్‌సీటీ.

పేర్ల మీద ఇంత గొడవెందుకు అనుకునేటోళ్లకి మా జిల్లా కథ చెప్తా. 2009లో ఖమ్మంలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి, దాదాపు పద్నాలుగు వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసిన్రు. దాన్ని ట్రయల్ అనలేదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్ అన్నరు. చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట వార్డెన్లు పెట్టిన్రు. కొందరు పిల్లలు చనిపోయిన్రని గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేసిన్రు. ఆ మరణాలు టీకా వల్ల అయినట్టు కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ సమ్మతి తీసుకున్న తీరుల లోపాలున్నయని ఆ కమిటీ కూడా చెప్పింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ట్రయల్ అన్న పేరు పెడితే అడగాల్సిన ప్రశ్నలు వేరుంటయి. పేరు మారితే ఫారం మీద సంతకం మారిపోయింది.

నేను ఆ రోజుల్లో డ్యూటీల లేను. మా సీనియర్లు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ నెమ్మదిగా మాట్లాడతరు.

డేటా_దొర | మంగళవారం, మధ్యాహ్నం 2:41

తప్పయింది అక్కా. ఆలోచించకుండా రాశా.

జెర్సీ_శాస్ | మంగళవారం, సాయంత్రం 6:10

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది క్లినికల్ శాస్ ప్రోగ్రామింగ్‌లో (మందుల ట్రయల్ డేటాని శాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టే పని) ఉన్నారు, నేనూ అంతే. ట్రయల్ డేటా రోజంతా నా స్క్రీన్ మీదే ఉంటుంది, కానీ ఎవరికి మందు ఎవరికి డమ్మీ బిళ్ల అన్నది నాకు తెలియదు. దొంగ కోడ్లు పెట్టి ప్రోగ్రాములు రాయించుకుంటారు. డేటాబేస్ లాక్ అయ్యాకే అసలు కోడ్లు వస్తాయి. ఆ రాత్రి అదే ప్రోగ్రాము మళ్లీ రన్ చేస్తే టేబుళ్లన్నీ మారిపోతాయి. పదేళ్లయినా ఆ రాత్రి గుండె దడ తగ్గలేదు.

లాటరీ ఎందుకంత ముఖ్యమో మాకు ట్రైనింగ్‌లో చెప్పే ఉదాహరణ హార్మోన్ మాత్రలది. ముట్లాగిన ఆడవాళ్లు అవి వేసుకుంటే గుండెజబ్బులు తక్కువని ఏళ్లపాటు కోహార్ట్‌లు చెప్పాయి. తర్వాత అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ వాళ్లు పదహారు వేల ఆరు వందల పైచిలుకు మందిని లాటరీ మీద పంచి, ఒక గుంపుకి రెండు హార్మోన్లు కలిపిన మాత్ర, ఇంకో గుంపుకి డమ్మీ బిళ్ల ఇచ్చారు. 2002లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గుండెకి మేలు కాదు సరికదా, కీడే కనిపించింది, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగింది. తమంతట తాము మాత్రలు వేసుకునే ఆడవాళ్లు డబ్బు, చదువు, వ్యాయామం అన్నింటిలోనూ ముందున్నవాళ్లు. మాత్ర లేకపోయినా వాళ్ల గుండె బాగానే ఉండేదేమో. వయసు పెద్దదవడం కూడా కొంత కారణమని తర్వాత చర్చ నడిచింది, అది వేరే సంగతి.

ఓరుగల్లు_రీసెర్చ్ | మంగళవారం, రాత్రి 9:05

ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. జెర్సీ అన్న చెప్పిన మాత్రల కథే మన ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడుల కథ. ప్రైవేటు పిల్లలకి మార్కులు ఎక్కువ. బడి గొప్పా, ఫీజు కట్టగల తల్లిదండ్రులు గొప్పా?

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీన్ని లాటరీతో తేల్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన వోచర్ (ప్రైవేటు బడి ఫీజు కట్టే చీటీ) స్టడీ, 2015లో అచ్చయింది. 180 ఊళ్లు. ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రుల దగ్గర ముందు దరఖాస్తులు తీసుకున్నారు. తర్వాత ఏ ఊళ్లకి వోచర్లు ఇవ్వాలన్నది ఒక లాటరీ, ఆ ఊళ్లలో ఏ పిల్లలకి అన్నది ఇంకో లాటరీ. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగు, లెక్కల్లో గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి వెళ్లినవాళ్లు బాగా ముందున్నారు. ప్రభుత్వ బళ్లలో ఆ తరగతుల్లో హిందీ చెప్పరు కదా. పైగా ప్రైవేటు బడి తెలుగుకీ లెక్కలకీ తక్కువ గంటలే ఇచ్చి, ఒక్కో పిల్లాడి మీద ప్రభుత్వం పెట్టే దాంట్లో మూడో వంతు కూడా పెట్టకుండా ఈ మార్కులు తెచ్చింది. అందుకే రెండు పక్షాలూ ఈ పేపర్‌ని తమ గెలుపుగానే చెప్పుకుంటాయి 😄

రెండు లాటరీలు ఎందుకంటే, ఊళ్లో కొందరు బాగా చదివే పిల్లలు వెళ్లిపోతే మిగిలిన పిల్లల క్లాసు ఏమవుతుందో కూడా చూడాలి. దానికి అసలు లాటరీ తగలని ఊరు కావాలి. ఇంకో మెలిక ఉంది. వోచర్ తగిలినా కొందరు వాడుకోలేదు, మానేశారు. వాళ్లని తీసి అవతల గుంపులో వేస్తే లాటరీ చెడిపోతుంది, బాపట్ల గారి మేస్త్రీ మళ్లీ లోపలికి వచ్చినట్టే. అందుకని గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు అనే లెక్కిస్తారు, ఎవరు ఎక్కడ చదివినా సరే.

పొదిలి_అమ్మాయి | మంగళవారం, రాత్రి 9:50

చదువుతుంటే ఆసక్తిగానే ఉంది, కానీ ఒక్క ముక్క అడగనా. నేను నీళ్లకి లాటరీ వేయలేను. కోహార్ట్‌కి నాకు పదేళ్లు లేవు, మూడు వారాలున్నాయి. మరి నాలాంటివాళ్లు ఏం చేయాలి?

పాత_మాస్టారు | బుధవారం, ఉదయం 5:40

నీళ్ల సమస్య అన్నావు కాబట్టి నీళ్ల కథే చెప్తాను.

1854 లండన్, కలరా. డాక్టర్ జాన్ స్నో పేరు చెప్పగానే అందరూ బ్రాడ్ స్ట్రీట్ బోరింగు పిడి తీయించడం చెప్తారు. నాకు ఆయన రెండో పని ముఖ్యం. థేమ్స్ దక్షిణాన రెండు కంపెనీలు నీళ్లు సరఫరా చేసేవి. లాంబెత్ కంపెనీ 1852లో నీళ్లు తోడే చోటుని నదికి ఎగువకి, ఊరి మురుగు కలవని చోటికి మార్చుకుంది. సౌత్‌వార్క్ అండ్ వాక్సాల్ కంపెనీ పాత చోటే ఉండిపోయింది. ఒకే వీధిలో పక్క పక్క ఇళ్లకి వేర్వేరు కంపెనీల గొట్టాలు. బీదా గొప్పా కలిసే ఉన్నారు. చాలామంది అద్దెవాళ్లకి తాము తాగేది ఏ కంపెనీ నీళ్లో కూడా తెలియదు. స్నో ఇంటింటికీ తిరిగి కనుక్కున్నాడు. పదివేల ఇళ్లకి లెక్క కడితే సౌత్‌వార్క్ వాళ్లలో 315 చావులు, లాంబెత్ వాళ్లలో 37.

లాటరీ ఆయన వేయలేదు. లోకమే వేసిపెట్టింది, ఆయన గుర్తుపట్టాడు. నీ ఊళ్లలో జనం టిన్ను తమంతట తాము కొనుక్కుంటున్నారు, అందుకే నీకు చిక్కొచ్చింది. ఎవరూ కొనుక్కోకుండా, పైప్‌లైన్ వల్లో మరో కారణం వల్లో నీళ్లు మారిన చోటు ఎక్కడైనా ఉందా?

ఎస్పీఎం_డాక్టర్ | బుధవారం, ఉదయం 8:30

మాస్టారి మాటకి మన హైదరాబాద్ పక్క ఉదాహరణ ఉంది. ఐసీడీఎస్ పథకం అంగన్వాడీలు బ్లాకు తర్వాత బ్లాకుగా విస్తరిస్తున్న కాలం అది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 29 ఊళ్లు తీసుకున్నారు. 15 ఊళ్లలో గర్భిణులకీ ఆరేళ్లలోపు పిల్లలకీ ఉప్మా పెట్టే పథకం వచ్చేసింది, పక్కనున్న 14 ఊళ్లకి ఇంకా రాలేదు. అంతే తేడా. లాటరీ కాదు, అయినా తల్లిదండ్రులు ఎంచుకున్నదీ కాదు. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక 2003-05లో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు, రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. ఆ తర్వాత ఆ కుటుంబాలన్నీ కలిసి పెద్ద కోహార్ట్ అయ్యాయి. చూడండి, ఒకటే పని మొదట ట్రయల్‌లా మొదలై కోహార్ట్‌గా మారింది. పేర్లు గిరి గీసినట్టు ఉండవు.

ఆర్‌సీటీ అంటే మందుబిళ్లే అనుకునేవాళ్లకి ఇంకొకటి. 1956లో మద్రాసులో టీబీ రోగులు 193 మందిని లాటరీతో పంచారు. మందులు ఒకటే. ఒకరికి శానటోరియంలో పడక, మంచి తిండి. ఒకరికి మురికివాడలో తమ ఇల్లే. జబ్బు నయం కావడంలో పెద్ద తేడా రాలేదు, ఇంట్లోవాళ్లకి అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. ఆ దెబ్బతో శానటోరియాల రోజులు పోయాయి. ఇవాళ మన ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటికే టీబీ మందులు ఇచ్చి మింగిస్తున్నారంటే దాని వెనుక ఆ లాటరీ ఉంది.

ఇక మీ మూడు వారాల సంగతి. కేస్ కంట్రోల్ అనేది తక్కువ సమయం ఉన్నవాడి ఆయుధమే, చిన్నచూపు చూడకండి. 1950లో డాల్, హిల్ అనే పరిశోధకులిద్దరూ లండన్ ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లనీ, వేరే జబ్బులున్న 649 మందినీ పొగతాగే అలవాటు గురించి అడిగారు. క్యాన్సర్ వాళ్లలో పొగతాగనివాళ్లు ఇద్దరే ఇద్దరు. ఇవతల 27 మంది. రోడ్ల మీది తారో, బండ్ల పొగో కారణమనుకుని మొదలుపెట్టిన డాల్, లెక్కలు చూసి సిగరెట్లు మానేశాడు. అంత తేడా వచ్చినా జనం నమ్మలేదు. అందుకని 1951లో బ్రిటన్ డాక్టర్లకే ఉత్తరాలు రాసి కోహార్ట్ మొదలుపెట్టారు, యాభై ఏళ్లు నడిచింది.

కానీ ఇప్పటికే తీసిన డేటాకి కేస్ కంట్రోల్ అని పేరు తగిలించకండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి "కంట్రోల్స్‌ని ఎక్కణ్నుంచి తెచ్చావమ్మా" అంటే నోరు పెగలదు. నిజాయితీగా క్రాస్ సెక్షనల్ అని రాయండి. దొరికినవాళ్లని మళ్లీ కలిసి రెండు ప్రశ్నలు చేర్చండి: టిన్ను ఏ ఏడాది నుంచి, నొప్పి ఏ ఏడాది నుంచి. జ్ఞాపకం మీద ఆధారపడటం లోపమే. ఏడాది గుర్తు రాకపోతే "పెద్దమ్మాయి పెళ్లికి ముందా తర్వాతా" అని అడగండి, చెప్తారు. కుదిరితే బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో తెలియకుండా బోరు నీళ్లు అన్న మాటకి అర్థం లేదు. అన్ని బోర్లూ ఒకటి కాదు.

ఊరికే_చూస్తున్నా | బుధవారం, ఉదయం 9:12

మా అత్తగారిది దర్శి పక్క. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల జబ్బు) గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, ఆ వైపు చూసే. అప్పటి నెల్లూరు జిల్లా అది. అంటే పొదిలి అమ్మాయి కథ ఎనభై ఏళ్ల పైన పాతది.

బాపట్ల_పొలం | బుధవారం, ఉదయం 11:30

అమ్మా, వయసు మర్చిపోకు. నలభై ఐదేళ్ల మనిషినీ డెబ్బై ఏళ్ల మనిషినీ ఒకే మడిలో వేసి తూచకు. పదేళ్లకో బ్లాకు చేసుకుని ఏ బ్లాకుకా బ్లాకు చూడు. దొర గారి రిగ్రెషన్ కూడా చేసేది అదే, కంటికి కనబడకుండా చేస్తుంది.

పొదిలి_అమ్మాయి | శనివారం, రాత్రి 8:20

అప్‌డేట్. గైడ్ మేడంకి ఈ థ్రెడ్ చూపించలేదు (ధైర్యం చాల్లేదు), కానీ రిజిస్టరు మాట చెప్పాను. "రికార్డు లేదు కదా మేడం, కోహార్ట్ అంటే ఎక్స్‌టర్నల్ పట్టుకుంటారేమో" అన్నా. కాసేపు ఆలోచించి క్రాస్ సెక్షనల్ అని మార్చేయమన్నారు. నొచ్చుకోలేదు.

రెండు రోజులు ఆశా అక్కతో కలిసి ఇళ్లకి వెళ్లాను. మొదటి ఇంట్లోనే అవ్వ అంది: "నొప్పులొచ్చి ఒంగోలు బోతే గదా ఆ డాక్టరు టిన్ను నీళ్లు తాగమనింది. అంతకుముందు ఎవురు కొన్నారు?" డాక్టర్ గారూ, మీరు అన్నట్టే. పెళ్లి చిట్కా కూడా పనిచేసింది. ఒకావిడకి ఏడాది గుర్తులేదు కానీ, మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండ మెట్లెక్కలేకపోయానని చెప్పింది. వాడిప్పుడు తొమ్మిదో తరగతి.

కానీ కొత్త చిక్కొచ్చింది. మూడో ఇంట్లో నాకు టీ ఇచ్చారు. టిన్ను వంటింటి గడప దగ్గరే ఉంది, టీ గిన్నెలోకి నీళ్లు మాత్రం బిందెలోవి పోశారు. అడిగితే "తాగేదానికే టిన్ను. అన్నానికీ టీకీ బోరే, ఇంతమందికి యాడ కొనేది" అన్నారు. నా ఫారంలో తాగే నీళ్లు అనే గడి ఒక్కటే ఉంది.

ఎస్పీఎం_డాక్టర్ | శనివారం, రాత్రి 8:45

అయ్య బాబోయ్. ఇది మేమెవరం అడగలేదు చూశారా! ఎంతమంది అలా చెప్పారు?

పొదిలి_అమ్మాయి | శనివారం, రాత్రి 8:47

ఆ తర్వాత అడిగిన ఇళ్లలో చాలావాటిలో అంతే సార్. ముందు రెండిళ్లలో అడగనే లేదు, రేపు మళ్లీ వెళ్తున్నా.

పాత_మాస్టారు | ఆదివారం, ఉదయం 5:35

వెళ్లేటప్పుడు పప్పు ఏ నీళ్లలో ఉడుకుతుందో కూడా అడుగు. ఉప్పు నీళ్లలో పప్పు ఉడకదని మా అమ్మ దానికి మాత్రం చెరువు నీళ్లు తెప్పించేది.